చలి కొలిచే చోటు

మన ఇళ్ళల్లో సుఖానికి ఒక చోటంటూ ఉంటుంది. ఎండాకాలం మన వైపు ఏ ఇంట్లోకి వెళ్ళినా చూడండి. ముందు గదిలో ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. పడగ్గదిలో ఫ్యాను ఉంటుంది, కాస్త కలిగినవాళ్ళయితే ఏసీ కూడా ఉంటుంది. వంటింట్లో మాత్రం ఏదీ ఉండదు. ‘ఫ్యాను వేస్తే పొయ్యి ఆరిపోతుంది’ అనే మాట అందరం చిన్నప్పటినుంచీ వింటున్నదే. అబద్ధమేమీ కాదు, మంట రెపరెపలాడుతుంది. కానీ మే నెలలో, రెంటచింతల లాంటి చోట, నలభై అయిదు డిగ్రీల ఎండలో పొయ్యి ముందు నిలబడే మనిషికి గాలి ఎలా అందించాలి అన్న ప్రశ్న ఇల్లు కట్టేటప్పుడు ఎవరికీ రాదు. ఎందుకంటే ఇంట్లో ఉక్కపోతని కొలిచేది ముందు గదిలో కూర్చున్న మనిషి ఒంటితో. ఆయనకి చెమట పడితే ఎండలు ముదిరినట్టు. ఆయనకి పట్టకపోతే లేనట్టు.

ఇంగ్లండ్‌లో కాపురం పెట్టాక ఇదే సంగతి తిరగేసి చూసే అవకాశం వచ్చింది నాకు. ఇక్కడ బాధ వేడితో కాదు, చలితో. మా ఊరు రెడింగ్. లండన్‌కి పడమరగా రైల్లో అరగంట ప్రయాణం. పాత ఇల్లు. వంటింట్లో గోడకి గ్యాస్ బాయిలర్, అక్కడి నుంచి గదిగదికీ గొట్టాలు, ప్రతి గదిలో ఒక రేడియేటర్. బాయిలర్ కాచిన వేడినీళ్ళు ఆ రేడియేటర్లలో తిరిగితే ఇల్లు వెచ్చబడుతుంది. బాయిలర్ ఎప్పుడు మండాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేది థర్మోస్టాట్. అరచేయంత తెల్లటి పెట్టె, దాని మీద ఒక గుండ్రటి మీట. మనం మీటని పద్దెనిమిది దగ్గర పెడితే, తన చుట్టూ ఉన్న గాలి పద్దెనిమిది డిగ్రీలకి చేరేదాకా బాయిలర్‌ని మండిస్తుంది. చేరగానే టిక్కుమని ఆపేస్తుంది.

ఇందులో కీలకమైన మాట ‘తన చుట్టూ ఉన్న గాలి’. ఆ పెట్టెకి ఇల్లు తెలియదు. తాను ఉన్న చోటే తెలుసు.

మా ఇంట్లో అది ఉన్న చోటు వీధి గుమ్మం లోపలి నడవా. ఇక్కడివాళ్ళు దాన్ని హాల్ అంటారు కానీ మనం హాలనుకునే గది కాదది. చెప్పులు విప్పుకుని, కోటు తగిలించుకుని మెట్లెక్కిపోయే సన్నటి దారి. దశాబ్దాల కిందట ఇల్లు బాగుచేసిన వాళ్ళెవరో థర్మోస్టాట్‌ని అక్కడ బిగించి, గోడ తొలిచి, దాని వైర్లు బాయిలర్ దాకా లాగి, పైన సున్నం పూసేశారు. దానికి ఎదురుగా ఒక పెద్ద రేడియేటర్. చుట్టూ అన్ని తలుపులూ మూసి ఉంటాయి. ఇంకేముంది, చిన్న చోటు, పెద్ద రేడియేటర్, పది నిమిషాల్లో నడవా పద్దెనిమిదికి చేరేది. టిక్కుమనేది. బాయిలర్ ఆగిపోయేది. ఇంట్లో ఎవరూ కూర్చోని, ఎవరూ పడుకోని ఆ ఒక్క చోటూ హాయిగా ఉండేది. మిగతా గదులు దాన్ని అందుకునేలోపే వేడి ఆగిపోయేది.

2023 నవంబర్‌లో మా అత్తయ్య నరసరావుపేట నుంచి వచ్చింది. ఆర్నెల్ల వీసా. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేదు కాబట్టి కింద వెనకవైపు గది ఆవిడకిచ్చాం. ఆ గది ఇంటికి తర్వాత అతికించి కట్టింది. మూడు వైపులా బయటి గోడలే. పైన కూడా గది లేదు, నేరుగా కప్పే.

వచ్చిన వారానికి ఆవిడ వేషం చూస్తే నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. చీర మీద నా స్వెట్టరు, దాని మీద వాళ్ళబ్బాయి స్వెట్టరు, మంకీ టోపీ, కాళ్ళకి రెండు జతల మేజోళ్ళు. పొద్దున్న లేచింది మొదలు వంటింట్లోనే ఉండేది. కూర్చోమంటే స్టవ్ పక్కన కుర్చీ వేసుకునేది. ‘చలిగా ఉందా అత్తయ్యా?’ అని ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు. ‘నాకేం చలమ్మాయ్, నేను బానే ఉన్నా.’

ఆవిడ జన్మంతా నిప్పుతో పని చేసిన మనిషి. ధనుర్మాసంలో తెల్లారగట్ల నాలుగింటికి లేచి, కాగు కింద మంట పెట్టి, ఇంటిల్లిపాదికీ నీళ్ళు కాచి పోసింది. అందరూ పోసుకున్నాక మిగిలిన గోరువెచ్చటి నీళ్ళు తాను పోసుకునేది. మంట పెట్టడం ఆవిడ పని. ఆ మంట దగ్గర కూర్చుని చలి కాచుకునే తీరిక ఆవిడదని ఎవరూ చెప్పలేదు. అలాంటి మనిషిని ‘చలేస్తోందా’ అని అడిగితే నిజం చెబుతుందా? చెప్పదు. అబద్ధమాడుతోందని కాదు. తనకి చలేస్తే అది ఇంట్లో ఒక విషయం అవుతుందన్న ఊహే ఆవిడకి లేదు.

అందుకని అడగడం మానేసి, రెండు పౌండ్లకి దొరికే చిన్న థర్మామీటరు ఒకటి కొని ఆవిడ గదిలో మేకుకి తగిలించాను. నడవాలో పద్దెనిమిది ఉన్నప్పుడు ఆ గదిలో పద్నాలుగున్నర. మంచు కురిసిన రోజున పదమూడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇళ్ళ గురించి ఇచ్చిన మార్గదర్శకాల్లో చలిదేశాల్లో ఇంటి లోపల కనీసం పద్దెనిమిది డిగ్రీలు ఉండాలని చెప్పింది. వృద్ధులకీ, పసిపిల్లలకీ అంతకంటే ఎక్కువే కావలసి రావచ్చని కూడా చెప్పింది.

ఆ రాత్రి మా ఆయనతో మాట్లాడాను.

‘పద్దెనిమిది చూపిస్తోంది కదా, ఇంకేంటి?’ అన్నాడు.

‘ఆ పద్దెనిమిది నడవాలో. నడవాలో ఎవరున్నారు?’

‘అమ్మ చలి లేదంటోందిగా.’

‘నీకు జ్వరం వచ్చినప్పుడు ఆవిడ ఒక పూట ఎక్కువ తిన్నానని చెప్పి తన అన్నం నీకు పెట్టిందని నువ్వే కదా చెప్పావు? ఆవిడ లేదన్న మాటకి విలువెంతో నీకు తెలియదా?’

తను చెడ్డవాడు కాదు. పీనాసి కూడా కాదు. బిల్లుల భయం నిజంగానే ఉంది. బ్రిటన్‌లో 2022 ఏప్రిల్‌లో ఒక సగటు ఇంటి గ్యాసు, కరెంటు ఖర్చు మీద ఉన్న పరిమితిని ఏడాదికి 1,277 పౌండ్ల నుంచి 1,971 పౌండ్లకి పెంచారు. ఒక్కసారిగా 54 శాతం. ఆ అక్టోబర్‌కి ప్రభుత్వం కలగజేసుకుని కూడా అది 2,500 దగ్గర ఆగింది. ఆ ఏడాది మా వీధిలో హీటింగ్ వేసుకోవాలంటే భయపడని ఇల్లు లేదు. మీట మీద వేలు పెట్టాలంటే వెయ్యిసార్లు ఆలోచించే అలవాటు తనకి అప్పుడు పట్టుకుంది. తర్వాత ధరలు కొంత తగ్గినా అలవాటు తగ్గలేదు. కానీ ఒకటుంది. వారంలో నాలుగు రోజులు తను వెచ్చటి ఆఫీసులో కూర్చుంటాడు. నేను మూడు రోజులు ఇంట్లోనే వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని పని చేస్తాను. పగలంతా ఇంట్లో ఉండేది నేనూ అత్తయ్యా. మీట ఎంతలో ఉండాలో నిర్ణయించేది మాత్రం సాయంత్రం ఆరింటికి కోటు వేసుకుని లోపలికొచ్చే మనిషి. నడిచొచ్చిన ఒంటికి నడవా వెచ్చగానే తగిలేది మరి!

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. భవనాల్లో ఎంత వేడి ఉంటే మనిషికి సుఖంగా ఉంటుందో లెక్కగట్టే పద్ధతిని డెన్మార్క్ శాస్త్రవేత్త ఓలె ఫాంగర్ 1970 ప్రాంతంలో రూపొందించాడు. ప్రపంచంలో ఎన్నో ఆఫీసులు ఆ లెక్క మీద ఆధారపడ్డ ప్రమాణాలతోనే నడిచాయి. నెదర్లాండ్స్‌కి చెందిన ఇద్దరు శాస్త్రవేత్తలు 2015లో ‘నేచర్ క్లైమేట్ చేంజ్’ పత్రికలో ఒక మాట బయటపెట్టారు. ఆ ప్రమాణాల్లో, మనిషి శరీరం ఎంత వేడి పుట్టిస్తుందన్న దగ్గర తీసుకున్న అంకె ఒక సగటు మగవాడిదట. నలభై ఏళ్ళు, డెబ్భై కిలోలు. ఆ అంకె ఆడవాళ్ళ శరీరం పుట్టించే వేడిని 35 శాతం దాకా ఎక్కువ చేసి చూపవచ్చని వాళ్ళు లెక్క తేల్చారు. 2019లో బెర్లిన్‌లో 543 మంది విద్యార్థులని వేరు వేరు ఉష్ణోగ్రతల్లో కూర్చోబెట్టి లెక్కలూ, మాటలు కూర్చే పరీక్షా పెట్టారు. గది వెచ్చబడేకొద్దీ అమ్మాయిల మార్కులు పెరిగాయి. అబ్బాయిల మార్కులు తగ్గినా, అమ్మాయిలు బాగుపడ్డంతగా వాళ్ళు దెబ్బతినలేదు.

అంటే ఆఫీసుల్లో శాలువా కప్పుకుని కూర్చునే ఆడవాళ్ళు సుకుమారం పోవడం లేదన్నమాట. వాళ్ళ చలిని కొలవని కొలత అది. డెబ్భై రెండేళ్ళ నరసరావుపేట మనిషి ఒళ్ళు ఇక ఆ లెక్కలో ఎక్కడుంటుంది?

థర్మోస్టాట్‌ని అత్తయ్య గదిలోకి మార్చాలనుకున్నాను. వైరున్న పెట్టెని జరపాలంటే మళ్ళీ గోడలు తొలవాలి, నేల చెక్కలు లేపాలి. దానికి అందరూ చెప్పే ఉపాయం వైర్‌లెస్ థర్మోస్టాట్. ఇందులో రెండు భాగాలుంటాయి. ఒకటి రిసీవర్. దాన్ని బాయిలర్ పక్కన బిగిస్తారు. రెండోది థర్మోస్టాట్, రెండు పెన్ను బ్యాటరీలతో పనిచేస్తుంది. అది ఏ గదిలో ఉంటే ఆ గది గాలిని కొలిచి, రేడియో తరంగాలతో రిసీవర్‌కి కబురు పంపుతుంది. కావాలంటే గోడకి బిగించుకోవచ్చు, లేదంటే చిన్న స్టాండు మీద బల్ల మీదే పెట్టుకోవచ్చు.

అడగడానికి ఇంటికొచ్చిన మనిషి మర్యాదస్తుడే. ఫోన్ చేసి పిలిచింది నేను, ప్రశ్నలు వేసింది నేను. ఆయన మాత్రం జవాబులన్నీ మా ఆయన మొహం చూస్తూ చెప్పాడు. ‘ఇంటర్‌నెట్‌కి కలిపేది తీసుకోండి సర్. ఆఫీసులో కూర్చుని ఫోన్లోనే తగ్గించుకోవచ్చు’ అన్నాడు. మా ఆయన కళ్ళు మెరిశాయి.

నేను వద్దన్నాను.

వైర్‌లెస్ వేరు, ఇంటర్‌నెట్ వేరు. ఈ రెంటినీ కలిపి ఒకటే అనుకుంటాం గానీ కాదు. వైరు లేనంత మాత్రాన ఆ పెట్టె ఇల్లు దాటి బయటికి వెళ్ళక్కర్లేదు. గది నుంచి వంటింటికి మాత్రమే కబురు పంపే మామూలు రకాలు ఉన్నాయి. ఇంటర్‌నెట్‌కి కలిపితే ఇంటి వేడి ఎవరి ఫోన్లో ఆప్ ఉంటే వాళ్ళ చేతికి పోతుంది. 2018 జూన్‌లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక రాసిన ఒక కథనం నాకు బాగా గుర్తుండిపోయింది. ఇంట్లో లేని మగవాళ్ళు ఫోన్ నుంచి థర్మోస్టాట్ పెంచెయ్యడం, తలుపు తాళం కోడ్ మార్చెయ్యడం, ఎవరూ లేకుండానే కాలింగ్ బెల్ మోగించడం... అమెరికాలో గృహహింస బాధితులకి సాయపడేవాళ్ళకి ఇలాంటి ఫిర్యాదులు వస్తున్నాయని అందులో రాశారు. ఆ ఆడవాళ్ళకి తమకి మతి పోతోందేమోనని అనుమానం వచ్చిందట. చెయ్యెత్తకుండా చేసే హింస అది. ఇంగ్లండ్‌లో, వేల్స్‌లో 2015లో చేసిన చట్టం మనిషిని అదుపులో పెట్టుకునే ఇలాంటి ప్రవర్తనని నేరంగా గుర్తించింది.

‘నేనలాంటి వాణ్ణా?’ అన్నాడు మా ఆయన, నొచ్చుకుని.

‘కాదు. కానీ ఆ పెట్టెకి ఆ సంగతి తెలియదు కదా. చలేస్తున్న మనిషి ఇంట్లో ఉంటే, మీట ఊరవతల ఉండటం నాకిష్టం లేదు’ అన్నాను. వైర్‌లెస్ మామూలు రకానికే ఖాయం చేశాం. నా జీతంలోంచే కట్టాను. ఆ డబ్బు ఎవరిది అన్న చర్చ రాకూడదనే ఉద్దేశంతో.

మార్చడానికి ఒక పూట పట్టింది. బాయిలర్ మూత తెరిచి గ్యాసు పని చేయాలంటే ఇక్కడ ‘గ్యాస్ సేఫ్’ రిజిస్టర్‌లో పేరున్నవాళ్ళే చెయ్యాలని చట్టం. పాత థర్మోస్టాట్ వైర్లలో ఇంటి కరెంటు, అంటే 230 వోల్టులు, ఉంటుంది కాబట్టి సొంతంగా చెయ్యి పెట్టే పని కాదు. ముందు మెయిన్ ఆపారు. నడవాలో పెట్టె మూత ఊడదీశారు. లోపల రంగు వెలిసిన వైర్లు, వాటి మీద ఏళ్ళ దుమ్ము. బాయిలర్ వైపు వాటిని విడదీసి, ఆ స్థానంలో రిసీవర్ కలిపారు. నడవా గోడ మీద ఖాళీకి ఒక తెల్లటి ప్లేటు బిగించారు. కొత్త థర్మోస్టాట్‌లో బ్యాటరీలు వేసి, రెండు పెట్టెలకీ పరిచయం చేశారు. అత్తయ్య గదిలో మీట తిప్పగానే వంటింట్లో రిసీవర్ మీద దీపం వెలిగింది. బాయిలర్ గుప్పుమంది.

పెట్టే చోటు గురించి కూడా కొన్ని జాగ్రత్తలున్నాయి. ఎండ పడేచోటా, రేడియేటర్ పక్కనా పెట్టకూడదు. అది ఉన్న గదిలో రేడియేటర్ మీట పూర్తిగా తెరిచి ఉంచాలి, లేకపోతే గది వేడెక్కదు, బాయిలర్ ఆగదు. నడవా రేడియేటర్‌ని బాగా తగ్గించాం. మేం లేని గదుల్లో మీటలు తగ్గించాం. బ్యాటరీలు అయిపోతే బాయిలర్‌కి కబురందదు, ఇల్లు చల్లబడిపోతుంది. అందుకని ఒక జత ఎప్పుడూ సొరుగులో ఉంచుతాను.

ఒక్కో గదికి కావలసినంత వేడి విడిగా పంపాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1919 డిసెంబర్ 23న అమెరికాలో ఆలిస్ పార్కర్ అనే నల్లజాతి స్త్రీ ఒక గ్యాస్ కొలిమికి పేటెంటు తీసుకుంది. ఆవిడది న్యూజెర్సీలోని మారిస్‌టౌన్. ఒకే చోట గ్యాసు మండించి, ఆ వేడిని వేరు వేరు గొట్టాల ద్వారా వేరు వేరు గదులకి పంపుతూ, ఏ భాగానికాభాగం విడిగా అదుపు చేసుకునే పద్ధతి అది. అందరికీ ఒకే వేడి సరిపోతుందని ఆవిడ అనుకోలేదు. ఇంటి చలిని గదిగదినా ఎరిగిన మనిషికి అలా అనిపించదు.

మొదటి వారం అత్తయ్య ఆ పెట్టెని ముట్టుకోలేదు. దేవుడి పటం పక్కన పెట్టుకుని, దాన్ని తుడిచేది గానీ మీట తిప్పేది కాదు. ‘అబ్బాయి వచ్చాక చూస్తాడులే’ అనేది. అంకెలు చూపించాను. ‘ఇది మీ గది చలి చెబుతుంది, ఇది మీకు కావలసిన వేడి, ఇలా తిప్పితే పెరుగుతుంది’ అన్నాను. బళ్ళో మూడో తరగతి దాకా చదివిన మనిషి, అంకెలు వచ్చు. ‘డబ్బులు దండగ కదమ్మాయ్’ అంది. అయినా స్వెట్టర్లలో ఒకటి తీసేసింది. స్టవ్ పక్కన కుర్చీ ఖాళీ అయింది. మధ్యాహ్నాలు తన గదిలో కూర్చుని పూలు అల్లినట్టు ఊలుతో ఏదో అల్లేది.

అసలు పరీక్ష డిసెంబర్‌లో వచ్చింది. వైరు లేని పెట్టెకి ఉన్న సుగుణమే దాని ప్రమాదం కూడా. ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు! శుక్రవారాలు మా ఆయన ఇంటి నుంచే పని చేస్తాడు, పై గదిలో. ఆ శుక్రవారం ఏ ఆలోచనా లేకుండా, దారిలో ఉన్న పుస్తకం తీసుకున్నట్టు, పెట్టెని చేతిలో పట్టుకుని మేడ మీదికి పోయాడు. పై గది చిన్నది, ఎండ తగిలేది. కాసేపట్లో వేడెక్కి బాయిలర్ ఆగిపోయింది. కింద పదిహేను.

నేను మెట్ల దాకా వెళ్ళాను, గొడవ పడదామనే. నా వెనక అత్తయ్య గొంతు వినిపించింది. గోడ పట్టుకుని నడవాలోకి వచ్చి నిలబడింది.

‘ఒరేయ్ అబ్బాయ్, ఆ పెట్టె తెచ్చి నా గదిలో పెట్టు. నాకు చలేస్తోంది.’

ఆవిడ నోటి నుంచి ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. మా ఆయన కూడా మొదటిసారే విని ఉంటాడు. మారు మాట్లాడకుండా తెచ్చిపెట్టాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర, చిన్నప్పుడు కాగు దగ్గర ఒంటికి వేడినీళ్ళు పోయించుకునే సంగతులు తనే ఎత్తాడు. ‘అమ్మకి చివరికి చన్నీళ్ళే మిగిలేవనుకుంటా’ అన్నాడు. అత్తయ్య కాదనలేదు.

ఆ శీతాకాలంలో మేం కాల్చిన గ్యాసు యూనిట్లు అంతకుముందు ఏటి కంటే కొంచెం పెరిగాయి. నడవాలో వృథా తగ్గింది కాబట్టి మా ఆయన భయపడ్డంతగా పెరగలేదు, కానీ పెరిగాయి. దాన్ని దాచిపెట్టి ఆదా అయిందని చెప్పడం నాకిష్టం లేదు. ఆడవాళ్ళకి ఏదైనా కావాలంటే, దానివల్ల ఇంటికి లాభమేనని రుజువు చేస్తే తప్ప అడగకూడదన్నట్టు ఉంటుంది మన వ్యవహారం. ఆ ఎక్కువైన డబ్బు అంతకుముందు కూడా ఎవరో ఒకరు కడుతూనే ఉన్నారు. అత్తయ్య మోకాళ్ళు కట్టాయి, లాప్‌టాప్ మీద కొయ్యబారిన నా వేళ్ళు కట్టాయి. బిల్లులో కనపడలేదంతే.

ఒక పెట్టె మార్చినంత మాత్రాన ఇల్లు మారిపోయిందని చెప్పను. ఈ దేశంలో మీట ఉన్నా తిప్పే స్థోమత లేని ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. మీటకి అడ్డంగా మనిషి నిలబడ్డ ఇళ్ళూ ఉన్నాయి. వాళ్ళ దగ్గర ఈ వైర్‌లెస్ కబుర్లు పనికిరావు. కానీ ఇంట్లో సుఖం గురించి వాదన వచ్చినప్పుడు ‘ఎంత’ అని మాత్రమే మాట్లాడుకుంటాం. పద్దెనిమిదా, ఇరవయ్యా అని. ‘ఎక్కడ కొలిచారు?’ అని అడగం. ఇంటి ఖర్చు, ఇంటి పని, ఇంటి శాంతి, అన్నిటినీ ఎవరి గదిలో నిలబడి కొలుస్తున్నారో అడిగితే చాలా అంకెలు తప్పని తేలతాయి.

అత్తయ్య 2024 ఏప్రిల్‌లో వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆ వెనక గదిలో నా బల్ల వేసుకున్నాను. చలికాలం వస్తే ఫోన్లో ఆవిడ మొదట అడిగేది పిల్లల గురించి, తర్వాత వాళ్ళబ్బాయి గురించి, ఆ తర్వాత, ‘పెట్టె ఏ గదిలో ఉందమ్మాయ్?’ అని.

నా గదిలోనే ఉందని చెబుతాను.